లంకలో ఇద్దరే మిగిలితే: పిల్లలకి ఏ కథ ముందు ఇవ్వాలి?

ఆదివారం పొద్దున పదింటికి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఏడెనిమిది మంది పిల్లలు చేరతారు. ఒక పుస్తకం పట్టుకుని వంతులవారీగా పైకి చదువుతాం, మధ్యమధ్య ఆపి తెలుగులో మాట్లాడుకుంటాం. కిందటి వేసవిలో థియొడోర్ టేలర్ రాసిన 'ద కే' ముగించిన రోజు సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు. తుఫానులో తెల్ల పిల్లాడికి తన ఒళ్లు అడ్డం పెట్టి, ముసలి నల్ల నావికుడు తిమోతి చనిపోయాడు. పిల్లాడు బతికి అమ్మానాన్నల దగ్గరికి చేరాడు. మా బ్లాకులో వంట చేసే ఆవిడ కూతురు ఏడో తరగతి చదువుతోంది. అప్పటిదాకా నోరు మెదపని ఆ అమ్మాయి, "ఆంటీ, మరి తిమోతి వాళ్ల ఊళ్లో ఎవరు చెప్పారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పిల్లాడు ఇంటికొచ్చాక రేవు దగ్గర తిమోతిని ఎరిగినవాళ్లతో కబుర్లు చెప్తాడని ఒకటి రెండు వాక్యాలున్నాయి, అంతే. ఆయన సొంత ఊళ్లో ఆయన కోసం ఎవరైనా ఎదురు చూశారా అన్న ఆలోచన రాసినాయనకి అప్పటికి వచ్చినట్టు లేదు. నాకూ రాలేదు. ఆ పుస్తకం అంతకు ముందు రెండుసార్లు చదివాను.

ఈ తరహా కథలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి. ఒకరినొకరు నమ్మని ఇద్దరు, మూడో మనిషి లేని చోట చిక్కుకుంటారు. నీళ్లకీ తిండికీ నిప్పుకీ ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పదు. మెల్లగా స్నేహం కుదురుతుంది, చిన్నప్పటి నుంచి బుర్రలో పేరుకున్న చులకన కరిగిపోతుంది. వివక్ష గురించి పాఠం చెప్పకుండానే పిల్లలతో ఆ మాట ఎత్తాలనుకునే తల్లిదండ్రులు, టీచర్లు వీటిని ఇష్టపడతారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకైతే ఇవి చాలాసార్లు స్కూల్లోనే తగులుతాయి. పైపైన చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ, చదివించి చూస్తే ఒక్కోటి ఒక్కో రకంగా పనిచేస్తుంది.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత నేను పుస్తకాల్ని చూసే తీరు మారింది. ఇదివరకు వయసు, పేజీలు, ఇంగ్లీషు ఎంత కష్టం అన్నవే చూసేదాన్ని. ఇప్పుడు ముందు ఇంకోటి చూస్తున్నాను. కథ అయ్యేసరికి ఆ రెండో మనిషికి ఏం మిగిలింది? మన హీరోకి ఈత, వేట, ధైర్యం, బుద్ధి అన్నీ నేర్పిన ఆ మనిషికి తనకంటూ ఒక కోరిక, ఒక కోపం, వెళ్లడానికి ఒక చోటు ఉన్నాయా? ఇది పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ముగింపులు దాచడం లేదు, ఒక్కదాంట్లో తప్ప.

ముందు వీటన్నిటికీ తాత గురించి ఒక మాట. 1719లో డేనియల్ డెఫో రాసిన 'రాబిన్సన్ క్రూసో'ని చిన్నప్పుడు నాన్‌డిటైల్‌గా చదివాను. అందులో క్రూసో ఒక మనిషిని నరభక్షకుల బారి నుంచి కాపాడతాడు. ఆ మనిషి అసలు పేరేంటని అడగడు. దొరికింది శుక్రవారం కాబట్టి 'ఫ్రైడే' అని తనే పెట్టేస్తాడు. ఆ తర్వాత తనని 'మాస్టర్' అని పిలవడం నేర్పుతాడు. చిన్నప్పుడు అది స్నేహమే అనుకున్నాను. కింద చెప్పబోయే పుస్తకాలు రాసినవాళ్లు ఏదో రకంగా ఈ సీన్‌తో పోట్లాడుతున్నట్టే ఉంటుంది నాకు. కొందరు గెలిచారు, కొందరు సగంలో ఆగిపోయారు.

'ద కే' సగంలో ఆగిపోయిన పుస్తకం. అయినా నేను పక్కన పెట్టను. 1969లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. ఆయన కలకే పుస్తకాన్ని అంకితమిచ్చాడు టేలర్. కథ 1942లో, కరీబియన్ సముద్రంలో డచ్చివాళ్ల పాలనలో ఉన్న కురసావ్ దీవిలో మొదలవుతుంది. అక్కడి చమురు శుద్ధి కర్మాగారం మీద కన్నేసి జర్మన్ సబ్‌మెరైన్లు చుట్టూ తిరుగుతున్న రోజులు. పదకొండేళ్ల ఫిలిప్ వాళ్ల నాన్న ఆ కర్మాగారంలో పనిమీద వచ్చిన అమెరికన్. నల్లవాళ్లు వేరు, వాళ్ల బతుకు వేరు, మనం దూరంగా ఉండాలి అని వాళ్లమ్మ నమ్మకం. తల్లీకొడుకులు ఎక్కిన ఓడ టార్పెడో దెబ్బకి మునిగిపోతుంది. ఫిలిప్ కళ్లు తెరిచేసరికి ఒక తెప్ప మీద ఉంటాడు. పక్కన డెబ్భై దాటిన తిమోతి, ఒక పిల్లి. తలకి తగిలిన దెబ్బ వల్ల రెండు మూడు రోజుల్లో చూపు పోతుంది. ఆ తర్వాత చేరే చోటే 'కే', అంటే పగడపు దిబ్బల మధ్య తేలిన ఓ చిన్న లంక. కోనసీమ లంకల్లా పచ్చగా మనుషులతో ఉండేది కాదు, ఇసుక, కొబ్బరి చెట్లు, బల్లులు తప్ప ఏమీ లేనిది.

ఇందులో నాకు బాగా నచ్చిన చోటు తుఫాను కాదు, ఇసుకలో అక్షరాలు పేర్చే సీన్. పైన విమానం వెళ్తే కనబడాలని తిమోతి ఇసుకలో రాళ్లతో 'హెల్ప్' అని రాయాలనుకుంటాడు. ఆయనకి చదువు రాదు. ఆ సంగతి ఒప్పుకోలేక నానా తంటాలు పడతాడు. ఫిలిప్‌కి విషయం అర్థమై, చూపు లేకపోయినా పుల్లతో ఇసుకలో అక్షరాలు గీస్తాడు. ముసలాయన వాటి మీద రాళ్లు పేరుస్తాడు. చూపున్నవాడికి అక్షరం రాదు, అక్షరం వచ్చినవాడికి చూపు లేదు. ఇద్దరూ సరిసమానంగా నిలబడ్డ చోటు అదే. అయినా కాసేపటికే పిల్లాడు చాప అల్లడం చేతకాక విసుగొచ్చి తిమోతిని రంగు పెట్టి తిడతాడు, నీకు స్పెల్లింగే రాదు అంటాడు. తిమోతి చెంప మీద ఒక్కటి ఇస్తాడు. అక్కడి నుంచే ఫిలిప్‌లో మార్పు మొదలవుతుంది. మా పిల్లల్లో ఒకడు ఇది విని, "నేర్పించినదాన్నే తిట్టుకి వాడాడు కదా" అన్నాడు. నేను ఏమీ కలపలేదు.

మరి లోటు ఎక్కడ? ఈ పుస్తకానికి 1970లో జేన్ ఆడమ్స్ పేరిట ఇచ్చే బాలసాహిత్య పురస్కారం వచ్చింది. తర్వాత విమర్శలు మొదలయ్యాయి. తిమోతి మరీ అణిగిమణిగి ఉంటాడు, పిల్లాడిని ముందు 'చిన్న బాస్' అని పిలుస్తాడు, ఆయన మనసులో ఏముందో మనకి తెలియదు, చివరికి పిల్లాడి కోసమే చచ్చిపోతాడు అన్నారు. కళ్లు పోతే గానీ ఫిలిప్‌కి మనిషి కనబడలేదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. కొన్నేళ్లకి టేలర్ ఆ పురస్కారాన్ని వెనక్కి పంపేశాడు. విమర్శకుల మాటలో నిజం ఉందనే నేను అనుకుంటున్నాను. మా క్లబ్‌హౌస్‌లో అడిగిన ప్రశ్న కూడా అదే కదా, కాకపోతే పన్నెండేళ్ల పిల్ల భాషలో వచ్చింది.

భాష సంగతికొస్తే, తిమోతి మాటలన్నీ వెస్టిండీస్ యాసలో ఉంటాయి. ఒంటరిగా చదివే పిల్లలు మొదటి ఇరవై పేజీల్లోనే వదిలేసే ప్రమాదం ఉంది. పైకి చదివితే మాత్రం మనవాళ్లకి భలే సులువు. ఇంగ్లీషువాళ్ల 'దట్'ని ఆయన ఎలా పలుకుతాడో మనం పుట్టినప్పటి నుంచీ అలాగే పలుకుతున్నాం. ఇంటర్నేషనల్ స్కూల్ పిల్లలూ గవర్నమెంటు స్కూల్ పిల్లా ఆ పేజీల దగ్గర ఒకేలా తడబడ్డారు, ఒకేలా నవ్వారు. పదకొండేళ్లు దాటాక, పక్కన పెద్దవాళ్లు ఉండగా చదివించండి.

అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం ఎలిజబెత్ జార్జ్ స్పియర్ 1983లో రాసిన 'ద సైన్ ఆఫ్ ద బీవర్' గురించి. 1768, అమెరికాలో ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని అడవి. మ్యాట్ అనే కుర్రాడికి పన్నెండు దాటుతున్నాయి. కొత్తగా కట్టుకున్న కర్ర ఇంటికి వాణ్ణి కాపలా పెట్టి, తల్లినీ చెల్లినీ తీసుకురావడానికి నాన్న క్విన్సీ ఊరికి వెళ్తాడు. ఒక దారిన పోయేవాడు తుపాకీ ఎత్తుకుపోతాడు. ఎలుగుబంటి వచ్చి పిండి తినేసి పోతుంది. తేనె కోసం చెట్టెక్కితే తేనెటీగలు పొడిచి పొడిచి చంపబోతాయి. అప్పుడు కాపాడేది సాక్నిస్ అనే పెద్దాయన, ఆయన మనవడు అటియన్. ఆ నేలమీద తరతరాలుగా ఉంటున్న తెగవాళ్లు.

ఇక్కడ స్నేహం మంచితనంతో మొదలవదు, బేరంతో మొదలవుతుంది. తెల్లవాళ్లు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని భూములు లాక్కుంటున్నారని సాక్నిస్‌కి తెలుసు. మనవడికి చదవడం వస్తే మోసపోడని ఆయన లెక్క. కాబట్టి, మేము తిండి తెస్తాం, నువ్వు వీడికి అక్షరాలు నేర్పు అంటాడు. పిల్లలకి ఇది చెప్పి కాసేపు ఆగండి. ఆ ముసలాయన చదువుని ఎందుకు అడిగాడో ముందు అర్థం చేసుకున్నది మా గుంపులో ఎవరో చెప్పక్కర్లేదు. వాళ్ల తాతకి ఊళ్లో ఒక ఎకరం ఉండేదట, వేలిముద్రతో పోయిందట.

అటియన్‌కి చదువు మీద ఆసక్తి లేదు. మ్యాట్ దగ్గరున్న కథల పుస్తకం 'రాబిన్సన్ క్రూసో' ఒక్కటే. దాన్నే చదివి వినిపిస్తాడు. ఫ్రైడే మోకాళ్ల మీద పడి క్రూసో పాదాన్ని తన తల మీద పెట్టుకునే చోటుకి వచ్చేసరికి అటియన్ లేచి వెళ్లిపోతాడు. అలా చేయడం కంటే చావడం మేలు అన్నది వాడి మాట. మ్యాట్ ఆశ్చర్యపోతాడు. ఆ సీన్‌లో తప్పుందని అంతవరకూ వాడికి తట్టలేదు. ఆ తర్వాత చదివేటప్పుడు ఫ్రైడే చేత 'మాస్టర్' అనిపించే చోట్లు మెల్లగా దాటేయడం మొదలుపెడతాడు. పాత పుస్తకం తప్పుని ఇద్దరు కుర్రాళ్లు కథ లోపలే పట్టుకోవడం నాకు తెలిసిన పిల్లల నవలల్లో ఇంత బాగా మరెక్కడా చూడలేదు.

పైగా అటియన్ కోపానికి కారణం ఉంది. వాళ్లమ్మని తెల్లవాళ్లు చంపారు, నెత్తి చర్మానికి ఇచ్చే డబ్బు కోసం. ఇది రచయిత్రి పుట్టించిన ఘోరం కాదు. 1755లో మసాచుసెట్స్ పాలకులు ఆ ప్రాంతపు పెనోబ్‌స్కాట్ తెగ మనుషుల నెత్తి చర్మాలకి వెల కట్టి ప్రకటన ఇచ్చారు, ఆడవాళ్లకి ఇంత, పిల్లలకి ఇంత అని. పుస్తకం మాత్రం దాన్ని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతుంది. పిల్లలు అడిగితే ఎంతవరకు చెప్పాలో ముందే ఆలోచించుకుని కూర్చోండి.

వలలు, ఉచ్చులు, చేపల వేట, చెట్ల మీద బీవర్ అనే జంతువు గుర్తు చూసి ఎవరి హద్దు ఎక్కడో తెలుసుకోవడం, ఇవన్నీ అటియన్ నేర్పుతాడు. కానీ మ్యాట్‌ని తొందరగా మెచ్చుకోడు. వాడి గౌరవం సంపాదించుకోవడానికి మ్యాటే నానా పాట్లూ పడాలి. నేల ఒకరి సొంతం ఎలా అవుతుంది అని అటియన్ అడిగితే మ్యాట్ దగ్గర సరైన జవాబు ఉండదు. చివర్లో తెగ ఉత్తరానికి వెళ్లిపోతుంది, మాతో రమ్మని మ్యాట్‌ని పిలుస్తారు, వాడు వెళ్లడు. అటియన్ తన కుక్కనిచ్చి వెళ్తాడు. మ్యాట్ తనకి నాన్న ఇచ్చిన గడియారాన్ని వాడికి ఇస్తాడు.

లోపాలు లేవని కాదు. అటియన్ చేత విరిగిన ఇంగ్లీషు మాట్లాడించారు. ఆ తెగ ఆడవాళ్లకి వాడిన ఒక మాట ఇవాళ బూతుతో సమానం, దాన్ని పైకి చదవొద్దని ముందే చెప్పాను. తెగ అంతా సర్దుకుని వెళ్లిపోవడం ఏదో ఋతువు మారినంత సహజంగా ఉంటుంది, తరిమేశారన్న మాట వినబడదు. పుస్తకం మూసేసరికి పిల్లలు 'వాళ్లు అంతరించిపోయారు' అనుకుంటారు. పెనోబ్‌స్కాట్ జనం ఇప్పటికీ మెయిన్‌లోనే, అదే పేరున్న నది లంకలో ఉన్నారని మ్యాపు తెరిచి చూపించండి. పదేళ్ల నుంచి ఇవ్వొచ్చు. ఇంగ్లీషు తేలిక, అధ్యాయాలు చిన్నవి.

తొమ్మిదేళ్ల పిల్లకి, అందులోనూ తనంతట తను చదువుకునే మొదటి పెద్ద పుస్తకం కావాలంటే మైకేల్ మోర్పర్గో 'కెన్సుకేస్ కింగ్‌డమ్' ఇస్తాను. 1999లో వచ్చింది. తల్లిదండ్రులతో పడవలో ప్రపంచం చుట్టడానికి బయల్దేరిన మైకేల్, పన్నెండో పుట్టినరోజుకి ముందు రాత్రి కుక్కతో సహా పసిఫిక్‌లో పడిపోతాడు. తేలిన దీవిలో కెన్సుకే అనే జపాన్ ముసలాయన ఉంటాడు. యుద్ధకాలపు నౌకాదళ డాక్టరు. నాగసాకి మీద బాంబు పడిందని విని, పెళ్లాం బిడ్డలు పోయారనుకుని అక్కడే ఉండిపోయినవాడు. మొదట్లో ఇసుకలో పుల్లతో గీత గీసి ఇటు నువ్వు, అటు నేను అంటాడు. నిప్పు రాజేస్తే వచ్చి తొక్కి ఆర్పేస్తాడు. అయినా రోజూ పొద్దున కుర్రాడి దగ్గర చేపలు, పళ్లు, నీళ్లు పెట్టి పోతుంటాడు.

ఇందులో జాతి ద్వేషం పాలు తక్కువ. మనుషులంటేనే నమ్మకం పోయిన ఒక ముసలాయన మళ్లీ ఒక మనిషిని దగ్గరికి రానివ్వడమే కథ. కాబట్టి వివక్ష గురించి గట్టిగా మాట్లాడాలనుకుంటే ఇది సరిపోదు. కానీ నా కొలబద్దకి ఇదే బాగా నిలబడింది. కెన్సుకేకి తన కోరికలున్నాయి, తన పని ఉంది. వేటగాళ్ల నుంచి ఒరాంగుటాన్‌లని కాపాడుకోవాలి. ఓడ వచ్చినా ఎక్కనంటాడు. మైకేల్ దగ్గర ఒక మాట కూడా తీసుకుంటాడు, పదేళ్లదాకా ఎవరికీ చెప్పొద్దని. ఆ తర్వాత ఒక ఉత్తరం వస్తుంది. దాని గురించి మాత్రం చెప్పను. 2023లో దీన్ని యానిమేషన్ సినిమాగా తీశారు, పుస్తకం అయ్యాక చూపించండి. ముందే చూపిస్తే ఇసుకలో గీత దగ్గర పిల్లలు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు.

స్కాట్ ఓడెల్ 'ఐలండ్ ఆఫ్ ద బ్లూ డాల్ఫిన్స్' (1960) గురించి చాలామంది ఒంటరి ఆడపిల్ల కథ అనే చెప్తారు. నిజమే, కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఉన్న సాన్ నికొలస్ దీవిలో 1835 నుంచి 1853 దాకా పద్దెనిమిదేళ్లు ఒక్కతే బతికిన ఒక ఆవిడ జీవితం దీనికి మూలం. నేను దీన్ని ఈ జాబితాలో చేర్చింది రెండే రెండు స్నేహాల కోసం. కథానాయిక కరానా తమ్ముణ్ణి అడవి కుక్కలు చంపేస్తాయి. ఆ గుంపుకి పెద్దదైన కుక్కని చంపుతానని ఒట్టు పెట్టుకుని బాణం వేస్తుంది, తీరా గాయపడి పడివున్న దాన్ని చూసి ఇంటికి మోసుకొస్తుంది. అది ఆమెకి ప్రాణస్నేహితుడవుతుంది. రెండోది టుటోక్. కరానా నాన్నని చంపిన అల్యూట్ వేటగాళ్లతో కలిసి వచ్చిన పిల్ల. కరానా మొదట ఈటె దగ్గర పెట్టుకునే మాట్లాడుతుంది. టుటోక్ ఒక నల్లపూసల దండ ఇస్తుంది. మర్నాటి నుంచి ఒకరి భాష మాటలు ఒకరు నేర్చుకుంటారు. వాళ్ల తెగలో అసలు పేరు రహస్యం, పదేపదే వాడితే దానిలో బలం పోతుందని నమ్మకం. ఆ రహస్యం పేరుని కరానా శత్రువుల పిల్లకి చెప్పేస్తుంది. ఫ్రైడేకి పేరు పెట్టిన క్రూసోని గుర్తు తెచ్చుకుంటే, ఇక్కడ ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. ఈ భాగం కొద్ది పేజీలే ఉంటుంది. కథ నిదానంగా నడుస్తుంది, మాటలు తక్కువ. జంతువులంటే ఇష్టమున్న, ఓపికున్న పిల్లలకి బాగుంటుంది. ప్రతి పేజీకీ ఏదో జరగాలనుకునేవాళ్లకి ఇవ్వకండి.

పైవాటిలో ఎక్కడా రెండు పక్కలా సమానమైన పగ లేదు. అది కావాలంటే లిండా సూ పార్క్ 'ఎ లాంగ్ వాక్ టు వాటర్' (2010). లంక లేదు, ఎండిన నేల ఉంది. 1985లో దక్షిణ సూడాన్‌లో యుద్ధం స్కూలు దాకా రావడంతో పదకొండేళ్ల సాల్వా పరుగు తీస్తాడు, ఇథియోపియాకి, అక్కడి నుంచి కెన్యాకి. సాల్వా డూట్ నిజమైన మనిషి, అమెరికా చేరి, తర్వాత సొంత దేశంలో బోర్లు వేయించే సంస్థ పెట్టాడు. రెండో పాత్ర న్యా కల్పితం. 2008లో రోజుకి రెండుసార్లు గంటలకొద్దీ నడిచి నీళ్లు తెచ్చే పిల్ల. సాల్వాది డింకా తెగ, న్యాది నువేర్ తెగ, రెండింటికీ తరాల పగ. ఇద్దరూ కలిసేది చివరి పేజీలో, న్యా ఊళ్లో పడ్డ బోరు దగ్గర. దాన్ని స్నేహం అనొచ్చో లేదో మీరే చూడండి. చావులు చాలా ఉన్నాయి, కళ్లముందే. మామయ్యని కాల్చేస్తారు, స్నేహితుణ్ణి సింహం ఎత్తుకుపోతుంది. పేజీలు తక్కువ, ఇంగ్లీషు తేలిక అని చూసి చిన్నపిల్లలకి ఇచ్చేయకండి, పదకొండు పన్నెండు రానివ్వండి. బిందెలు మోసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల పిల్లలకి న్యా భాగాలు వివరించక్కర్లేదు.

లోయిస్ లౌరీ 'నంబర్ ద స్టార్స్' (1989) మంచి పుస్తకమే. 1943 డెన్మార్క్‌లో యూదు స్నేహితురాలిని సముద్రం దాటించే పదేళ్ల పిల్ల కథ. కానీ ఆ పిల్ల మనసులో వివక్ష మొదటి నుంచీ లేదు, అది బయటి సైనికులది. చులకన కరగడం చూపించాలంటే ఇది పనికిరాదు, పక్కన నిలబడటం ఎలాగో చూపించాలంటే పనికొస్తుంది. చారల పైజామా కుర్రాడి పుస్తకం, అంటే జాన్ బాయ్న్ రాసిన 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్' గురించి చాలామంది అడుగుతారు. నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు దానికి దూరంగా ఉండాలని, ఆ నాజీ శిబిరాల్లో ఒకటైన ఆష్విట్జ్ స్మారక సంస్థే 2020లో చెప్పింది. నేను ఇవ్వను.

ఒక విషయం ఎవరూ అడగరు గానీ ఎంపికలో అదే ముఖ్యం. మీ పిల్ల ఏ పక్క నుంచి చదువుతుంది? ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం చులకన చేసేవాడి కళ్లతో మొదలవుతాయి. అలా చేసే ఇంట్లో, అలా మాట్లాడే పెద్దవాళ్ల మధ్య పెరిగే పిల్లకి అది మంచి అద్దం. వంటావిడ కూతురు రావడం మొదలుపెట్టినప్పుడు ఒక తల్లి నన్ను పక్కకి పిలిచి, "వాళ్లు కూడానా?" అని అడిగింది. ఆ తర్వాత వాళ్లబ్బాయి రావడం మానేశాడు. ఆ అబ్బాయికైతే 'ద కే' సరిగ్గా సరిపోయేది.

కానీ చులకన పడ్డ పిల్లకి అదే పుస్తకం ఇస్తే వంద పేజీలదాకా తనని తిట్టేవాడి బుర్రలో కూర్చోవాలి, పైగా వాడు మారినందుకు సంతోషించాలి. డాలస్‌లో ఉండే మా చెల్లి కొడుకు స్కూల్లో దీన్ని చదివి ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, క్లాసులో అందరూ ఫిలిప్ గురించే మాట్లాడారు. ఇందులో నేను ఎవర్ని?" అన్నాడు. అలాంటి పిల్లలకి ముందు కెన్సుకే, లేదా కరానా. కాస్త పెద్దయ్యాక అటియన్. వాడు లేచి వెళ్లిపోయే చోటు వాళ్లకి చాలా తృప్తినిస్తుంది, చూశాను.

ఒక్కటే కొనగలిగితే ఏది అంటారా? పిల్ల ఒంటరిగా చదివేదైతే 'కెన్సుకేస్ కింగ్‌డమ్'. మీరు పక్కన కూర్చుని రోజుకి అరగంట ఇవ్వగలిగితే 'ద సైన్ ఆఫ్ ద బీవర్'. రెండు కొనగలిగితే బీవర్‌తో పాటు పిల్లల కోసం కుదించిన క్రూసో ఒకటి తెచ్చి, ఫ్రైడే కనబడే పేజీ దగ్గర గుర్తు పెట్టుకోండి. మా దగ్గర అలా పక్కపక్కన పెట్టి చదివిన ఆదివారం పన్నెండున్నరదాకా ఎవరూ కదల్లేదు. ఒక అమ్మ భోజనానికి పిలవడానికి వచ్చి తనూ కూర్చుంది.

'ద కే' మీద మనసుంటే ఒక్కదాన్నే కొనకండి. టేలర్ 1993లో, అంటే ఇరవై నాలుగేళ్ల తర్వాత, 'తిమోతి ఆఫ్ ద కే' అని ఇంకో పుస్తకం రాశాడు. ఒక అధ్యాయంలో ఫిలిప్ కంటి ఆపరేషన్లు, ఇంకో అధ్యాయంలో ఎన్నో ఏళ్ల కిందటి తిమోతి. సెయింట్ థామస్ దీవిలో ఓడ ఎక్కాలని కలలు కనే పేద కుర్రాడిగా, పెంచిన తల్లితో, తన సొంత కోరికలతో. మొదటి పుస్తకమంత పట్టుగా ఉండదు, కొన్ని చోట్ల సాగుతుంది. రెండో మనిషికి తనదంటూ ఒక జీవితం దొరికింది మాత్రం అందులోనే.

ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి నా కాపీ ఇచ్చాను. ఇంగ్లీషు ఇంకా నెమ్మదే, రోజుకి రెండు పేజీలు, తెలియని మాటల కింద పెన్సిలు గీతలు. మొన్న లిఫ్టు దగ్గర కనబడితే ఎంతవరకొచ్చావని అడిగాను. "సగం అయింది ఆంటీ, తిమోతికి నా అంతే ఉంటాయి ఇప్పుడు," అంది.